బైండింగు బిల్లు వెనకాల

మందాకిని మేడం గారికి,
ఛత్తాబజార్ దస్తగిరి రాసే చీటీ.

మీ ఆరు నవలలు కుట్టిన.
మీద బంగారు అక్షరాలు వద్దన్నరు, వెయ్యలే.
బిల్లు వెనకాల జాగా మిగిలింది.
ఖాళీ కాగితం కనబడితే
నా చెయ్యి ఊకోదు.

ముందు ఆ డిటెక్టివుది.
నలభయ్యో పేజీలనే అనుమానమొచ్చింది:
డాక్టరు రెండుసార్లు చేతులు కడుక్కున్నడు,
రోగి ఇంకా రానే లేదు.
పందెం కాసినట్టు చదివిన, అన్నం మీద కూడ.
తీరా చూస్తే ఆఖరి ఫారం లేదు.
పదహారు పేజీలు.
మీ మెంబర్లల్ల ఎవరో
హంతకుణ్ణి ఇంట్ల దాచుకున్నరు.

గోల్కొండ నవల, అబ్బో, కిలోకు తక్కువ లేదు.
కుట్టుతుంటే సూది వంగింది.
అన్ని పేజీలల్ల
ఒక్క రాజుకు చెమట పట్టలే,
ఒక్క గుర్రం లద్దె వెయ్యలే.
నెలల తరబడి ముట్టడి,
నీళ్ల కోసం ఎవరూ కొట్లాడలే!
మా గల్లీకి ట్యాంకరు రెండు రోజులు రాకుంటే
బిందెలు ఏం మాట్లాడుకుంటయో
ఆ రచయితను పిలిచి వినిపించాలె.
ఒక్కచోట మాత్రం,
రాయి మోసేటామె
నెత్తి మీది చుట్టకుదురు సర్దుకుంటది.
రెండే వాక్యాలు.
ఆ పేజీ మూల ఎవరో మడిచిన్రు.
నేను ఆ మడత సాపు చెయ్యలే.

దయ్యాలది రాత్రి చదవొద్దన్నది మా గౌసియా.
రాత్రే చదివిన.
దయ్యం అంత మాట్లాడితే భయమెట్లయితది?

ప్రేమ నవల సంగతి రాయాలంటే కొంచెం సిగ్గు.
హుసేన్ సాగర్ గట్టు మీద వాన,
ఇద్దరికీ ఒకటే గొడుగు,
అతని కండ్లు ఆమెకు సముద్రాలట.
అంతసేపు నిలబడ్డరు గద,
నీళ్ల వాసన ఒక్కరికీ తగల్లేదా?
కానీ మేడం, పేజీల పక్కన
ఎవరో పెన్సిలుతో రాసిన్రు.
అరవై ఒకటిల "అబద్ధం".
తొంభైల మళ్ల "అబద్ధం", ఈసారి కింద గీత.
రెండు వందల పన్నెండుల
ఏం రాయలే.
ముల్లు విరిగిన గుర్తు, నల్లగ ఒక చుక్క.
ఆమె ఎవరో, ఆ రోజు ఏమైందో,
నాకు ఆ కథ కావాలె.
రబ్బరు పెట్టలే. పెట్టమన్నా పెట్టను.

రాబోయే కాలం గురించినది ఒకటున్నది గద,
మాదాపూర్ గాలిల తేలుతుంటది,
మనుషులు గోలీలు మింగి కడుపు నింపుకుంటరు.
తెలివైనోడే రాసిండు, కాదనను.
ఆ లోకంల కాగితమే లేదట,
ఒక్క ముక్క కూడ.
ఆ మాట మూడు వందల ఎనభై కాగితం పేజీలల్ల చెప్పిండు.
సూదిల దారం ఎక్కించుకుంట నవ్విన.

ఇగ ఆ చిన్నది.
నూట పది పేజీలు కూడ లేవు,
అట్ట ఎప్పుడో పోయింది, పేరు నాకు తెల్వది.
నిలోఫర్ దవాఖాన వరండాల
ఒక తండ్రి తెల్లారేదాక కూసుంటడు.
అంతే.
నర్సు వచ్చిపోతది. ఫ్యాను తిరుగుతది.
పక్కాయన అగ్గిపెట్టె అడుగుతడు,
ఈయన దగ్గర ఉండదు.
నా దగ్గరికి ఫారాలు తారుమారై వచ్చినయి,
మూడోది ముందు చదివిన,
మొదటిది ఆఖరుకు.
అయినా దుఃఖం వరుస తప్పలే.

దీని మీద నా అభిప్రాయం అడగొద్దు.
చదివి లేచేసరికి గిన్నెల సరేసు గడ్డకట్టింది,
మళ్ల పొయ్యి మీద పెట్టి కరిగించుకున్న.
మా పెద్దోడు పుట్టిన రాత్రి
నేను కూడ ఆ వరండాలనే ఉన్న.
నా దగ్గర అగ్గిపెట్టె ఉండె.

దాని కుట్టు జర వదులుగ పెట్టిన,
ఒళ్లె పెట్టుకుంటే పూర్తిగ తెరుచుకోవాలె.
ఐదు పుస్తకాలకు నూట ఇరవై చొప్పున ఆరు వందలు.
ఆరోది లెక్కల రాయలే,
మీరు కూడ అడగొద్దు.

ఇంకోమాట.
ఆ పదహారు పేజీలు ఎవరింట్లనన్న దొరికితే
పిలగాని చేతికిచ్చి పంపున్రి.
డాక్టరే గద, మేడం?